స్కూలు రీయూనియన్‌కి వెళ్తే హోటల్ గది మొత్తం చెడగొట్టింది. డబ్బు వెనక్కి వస్తుందా?

చివరి_బెంచి
స్కూలు వదిలి పాతికేళ్లయిందని మా బ్యాచ్ అంతా పోయిన శనివారం కలిశాం. ఫంక్షన్ జరిగే చోటికి దగ్గరని చాలా ముందుగానే ఒక బుకింగ్ సైట్‌లో రెండు రాత్రులకు గది తీసుకుని డబ్బంతా కట్టేశాను. ఫోటోల్లో పెద్ద కిటికీ, అవతల పచ్చగా చెట్లు. శుక్రవారం బాగా పొద్దుపోయాక చేరాను. ఇచ్చిన గదిలో కిటికీ తీస్తే చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో పక్క బిల్డింగ్ గోడ. లోపలంతా చెమ్మ వాసన. బాత్రూమ్ తలుపు కింది మూల నీళ్లకు నాని ఉబ్బిపోయింది, గడియ పడదు. టవల్ మడిచి సందులో కుక్కితే గానీ మూసుకోలేదు. ఏసీలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారి, మర్నాటికని ఇస్త్రీ చేసి తగిలించుకున్న చొక్కా భుజం మీద గోధుమరంగు మరక పడింది.

అన్నిటికన్నా ఘోరం, ఆ గది సరిగ్గా ఫంక్షన్ హాలు నెత్తిన ఉంది. కింద ఎవరిదో పార్టీ. అర్ధరాత్రి దాటి చాలాసేపటి వరకూ డీజే. మంచం అదురుతుంటే ఏం నిద్ర పడుతుంది? కిందికి వెళ్లి అడిగితే రిసెప్షన్‌లో ఒక్క కుర్రాడు ఉన్నాడు. "సార్, మీరు సైట్ ద్వారా బుక్ చేశారు, వాళ్లనే అడగండి" అన్నాడు. సైట్ వాళ్లేమో "హోటల్ ఒప్పుకుంటేనే రీఫండ్" అన్నారు.

నా బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. మర్నాడు మా లెక్కల మాస్టారు వచ్చారు. వయసు బాగా మీదపడింది, ఇద్దరు పట్టుకుని స్టేజీ ఎక్కించారు. ఆయన మాట్లాడుతుంటే నాకు కళ్లు మూతలు పడిపోతున్నాయి. ఆయన ఏం చెప్పారో సగం నాకు తెలియదు. ఆ రోజు మళ్లీ రాదు కదా. ఈ డబ్బు రాబట్టే దారి ఏదైనా ఉందా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

కిటికీపక్క_సీటు
ముందు ఒకటి చెప్పండి, ఫోటోలు, వీడియోలు తీశారా? అవి లేకపోతే మిగతాదంతా మాటలే.

చివరి_బెంచి
తీశాను. ఏసీ నీళ్లు, తలుపు, కిటికీ అవతలి గోడ అన్నీ ఉన్నాయి. డీజే మోత కూడా రికార్డ్ చేశాను, ఫోన్‌లో టైమ్ కనిపిస్తుంది.

సూటిగా_చెప్తా
అయితే వదలొద్దు. ఆ కుర్రాడి సమాధానం వింటుంటే నాకే ఒళ్లు మండుతోంది. గది హోటల్ వాళ్లది, ఏసీ వాళ్లది, తలుపు వాళ్లది. సైట్ వాళ్లు వచ్చి ఏసీ బాగుచేస్తారా?

మాజీ_రిసెప్షన్
నేను చాలాకాలం హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. ఆ రాత్రి లోపల ఏం జరిగి ఉంటుందో చెప్తాను, కొన్ని విషయాలు అర్థమవుతాయి.

ప్రతి హోటల్లోనూ స్టాఫ్‌కి తెలిసిన చెడ్డ గదులు కొన్ని ఉంటాయి. లిఫ్ట్ పక్కవి, జెనరేటర్ వైపువి, హాలు మీదవి. మామూలు రోజుల్లో వాటిని ఎవరికీ ఇవ్వం. వారాంతంలో పార్టీలు పడి హోటల్ నిండినప్పుడు అవే చివరికి మిగులుతాయి. పొద్దున్నే గదుల కేటాయింపు మొదలవుతుంది. పాత కస్టమర్లు, హోటల్‌తో నేరుగా బుక్ చేసినవాళ్లు, ముందుగా ఫోన్ చేసి ఫలానా గది కావాలని అడిగినవాళ్లు, వీళ్లందరికీ పోగా మిగిలింది రాత్రి పొద్దుపోయి వచ్చినవాళ్లకి పోతుంది. పైగా సైట్‌లో చాలాసార్లు కొనేది ఒక రకం గదినే, ఫలానా నంబర్ గదిని కాదు. ఫోటో ఆ రకంలో బెస్ట్ గదిది పెడతారు.

రాత్రి షిఫ్ట్ కుర్రాడికి డబ్బు తగ్గించే అధికారం ఉండదు, అది నిజం. కానీ గది మార్చే అధికారం చాలాచోట్ల ఉంటుంది. గది ఖాళీ లేకపోతే డ్యూటీ మేనేజర్‌కి ఫోన్ చేయడం అతని పని. ఇలాంటప్పుడు "డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడించండి, నా ఫిర్యాదు లాగ్‌బుక్‌లో రాయండి" అని అడగాలి. లాగ్‌బుక్‌లో పడితే పొద్దున మేనేజర్ చూసి తీరాలి. నోటిమాట మాత్రం షిఫ్ట్ మారగానే గాలికి పోతుంది.

సూటిగా_చెప్తా
@మాజీ_రిసెప్షన్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఇది తిప్పి తిప్పి గెస్ట్ మీదికే తెస్తోంది. ప్రయాణం చేసి అలసిపోయి వచ్చినవాడికి లాగ్‌బుక్ అనేది ఉంటుందని ఎలా తెలుస్తుంది? చెడ్డ గది అని స్టాఫ్‌కి తెలిసీ అమ్మడం తప్పా కాదా?

మాజీ_రిసెప్షన్
తప్పే. అందులో నాకు రెండో మాట లేదు. ఏసీ కారుతున్న గదిని 'అవుట్ ఆఫ్ ఆర్డర్' అని సిస్టమ్‌లో పెట్టి అమ్మకం ఆపాలి. హోటల్ నిండిన రోజున పైనుంచి ఒత్తిడి వస్తుంది, దాన్ని మళ్లీ అమ్మకంలోకి తెస్తారు. నేను పనిచేసినప్పుడు ఇదే విషయం మీద మేనేజర్‌తో గొడవపడ్డాను. గెస్ట్‌ని తప్పుపట్టడానికి రాయలేదు, తర్వాతివాళ్లకి పనికొస్తుందని రాశాను.

గడ్డిపోచ
నాకు అర్థం కానిది ఒకటి. రీయూనియన్‌కి వెళ్లింది స్నేహితుల కోసం కదా. రాత్రంతా కబుర్లు చెప్పుకుని కూర్చుంటే గది ఎలా ఉంటే ఏంటి? మేమైతే అందరం ఒకే హాల్లో పరుపులేసుకుని పడుకున్నాం, ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ బాధపడలేదు. మా వాడొకడి గురక మీ డీజేని మించి ఉంది.

చివరి_బెంచి
మీరు చెప్పింది సరదాగా ఉంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ స్నేహితులతో మేలుకోవడం వేరు, కింద తెలియనివాళ్ల పార్టీ మోతకి ఒంటరిగా మేలుకోవడం వేరు. మిగతావాళ్లు చాలామంది శనివారం పొద్దున నేరుగా వచ్చారు.

నిద్రగన్నేరు
@గడ్డిపోచ వయసు నలభై దాటాక ఒక రాత్రి నిద్ర పోతే రెండు రోజులు తేరుకోలేం. పైగా కొత్త చోట మొదటి రాత్రి ఎలాగూ నిద్ర సరిగ్గా పట్టదు. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో దీని మీద పరిశోధన ప్రచురించారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ భాగం కొంత మెలకువగా ఉండి, చిన్న చప్పుళ్లకు కూడా స్పందిస్తోందని తేలింది. మామూలుగానే అలా ఉంటే డీజే సంగతి చెప్పాలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పడకగది లోపల రాత్రిపూట ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని, ఉండుండి వచ్చే శబ్దం 45 దాటకూడదని ఉంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తే పక్కా కొలత కాకపోయినా ఫిర్యాదుకి బలం వస్తుంది.

పాతనోట్‌బుక్
చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ ఉన్నా డీజేకి లాభం లేదు. మాటలు, హారన్‌లు తగ్గుతాయి గానీ ఆ దబ్ దబ్ మనే బేస్ గోడల్లోంచి, మంచంలోంచి ఎక్కి వస్తుంది. దానికి ఒక్కటే మందు, గది మారడం.

సూట్‌కేస్_చక్రం
నాది ఇంకో రకం. మా స్కూలు వాళ్లు కలిసినప్పుడు నేనూ, నా ఫ్రెండూ కలిసి ఒక గది తీసుకున్నాం. పొద్దున లేచేసరికి దాని చెయ్యి మీద వరసగా ఎర్రటి దద్దుర్లు. పరుపు అంచు కుట్టు ఎత్తి చూస్తే నల్లటి చుక్కలు, రెండు నల్లులు. గ్రూప్ ఫోటోలో అది పొడుగు చేతుల జాకెట్‌తో ఉక్కపోతలో నిలబడింది పాపం.

అప్పటినుంచి నా పద్ధతి ఇదే: గదిలోకి వెళ్లగానే సూట్‌కేస్ మంచం మీద పెట్టను, బాత్రూమ్‌లో గచ్చు మీద పెడతాను. దుప్పటి మూల లాగి పరుపు కుట్లు, తలవైపు చెక్క వెనక ఫోన్ లైట్ వేసి చూస్తాను. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. రక్తపు మరకలు, నల్ల చుక్కలు ఉన్నా అంతే, ఆ గది వద్దు. ఇంటికొచ్చాక బట్టలు బాగా వేడి డ్రైయర్‌లో అరగంట తిప్పితే నల్లులూ గుడ్లూ చస్తాయి.

కిటికీపక్క_సీటు
@సూట్‌కేస్_చక్రం అలాంటప్పుడు పక్క గదికి మార్చినా ఒప్పుకోకండి. నల్లులు గోడ పగుళ్లలోంచి, వైర్ల పైపుల్లోంచి పక్క గదికి పాకుతాయి. వేరే అంతస్తు అడగండి.

నీలిగొడుగు
చాన్నాళ్లుగా వాడని గదుల్లో నీళ్ల సంగతి కూడా చూసుకోండి. కుళాయి తిప్పగానే రంగు నీళ్లు వస్తే, వేడినీళ్లు గోరువెచ్చగానే ఆగిపోతే నాకు భయం. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ మాజీ సైనికులు సమావేశం పెట్టుకున్న హోటల్లోనే కదా లీజనేర్స్ జబ్బు, అంటే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఒక రకం న్యుమోనియా, మొదట బయటపడింది. అదీ పాత మిత్రులు కలుసుకునే సమావేశమే. పేరు కూడా వాళ్ల వల్లే వచ్చింది. ఆ బ్యాక్టీరియా గోరువెచ్చటి నిలవ నీళ్లలో పెరుగుతుంది, నీటి తుంపరల్లోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను గదిలో దిగగానే షవర్ వేడి వైపు తిప్పి, కొన్ని నిమిషాలు నీళ్లు పోనిచ్చి, ఆ సేపు బయట నిలబడతాను.

గడ్డిపోచ
మీరంతా కలిసి నన్ను హోటల్‌కే వెళ్లకుండా చేసేలా ఉన్నారు.

కార్డు_లెక్కలు
డబ్బు సంగతికి వద్దాం, అసలు ప్రశ్న అదే కదా. @చివరి_బెంచి గారూ, ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. డబ్బు తీసుకున్నట్టు ఎవరి పేరు ఉంది? హోటల్ పేరా, సైట్ పేరా? అక్కడ ఎవరి పేరుంటే డబ్బు వెనక్కి ఇవ్వాల్సింది వాళ్లే. సైట్ పేరుంటే "హోటల్‌ని అడగండి" అనే మాట చెల్లదు. మీ డబ్బు వాళ్ల దగ్గరికి వెళ్లింది, వాళ్లు తర్వాత హోటల్‌కి కడతారు, చాలాసార్లు వర్చువల్ కార్డుతో, అంటే ఆ బుకింగ్ కోసం సైట్ వాళ్లు తయారుచేసే కార్డు నంబర్‌తో. హోటల్‌కి మీ కార్డు వివరాలే తెలియవు.

రెండోది, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈమెయిల్ చాలు. వాళ్లు కాదన్నా, జవాబివ్వకపోయినా అప్పుడు బ్యాంకుకి వెళ్లి ఛార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, అడగండి. కారణం 'సేవ చెప్పినట్టు లేదు' అని. వీసా వాళ్ల లెక్కలో ఆ కారణానికి 13.3 అనే కోడ్ ఉంది. వీసా, మాస్టర్‌కార్డ్ రెండిటిలోనూ ఇలాంటి వాటికి సాధారణంగా 120 రోజుల దాకా గడువు ఉంటుంది, కానీ మీ బ్యాంకు దాకా అది తగ్గి రావచ్చు. ఆలస్యం చేయకండి. ముందు అవతలివాళ్లతో తేల్చుకోవడానికి ప్రయత్నించారా అని బ్యాంకు తప్పకుండా అడుగుతుంది, అందుకే ఆ ఈమెయిల్ ముఖ్యం.

ఒక మాట ముందే చెప్తున్నా. రెండు రాత్రులూ అక్కడే ఉన్నారు కాబట్టి మొత్తం అడిగితే బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు. గది వాడుకున్నారంటుంది. కొంత భాగం అడిగితే గెలిచే అవకాశం ఎక్కువ.

చివరి_బెంచి
స్టేట్‌మెంట్ చూశాను, సైట్ పేరే ఉంది! ఇంతకాలం హోటల్ చుట్టూ తిప్పారు. రెండో రాత్రి నేను ఉండలేదు. శనివారం సాయంత్రమే ఖాళీ చేసి ఒక ఫ్రెండ్ వాళ్ల ఇంటికి వెళ్లిపోయాను. అది కూడా పనికొస్తుందా?

కార్డు_లెక్కలు
చాలా పనికొస్తుంది. ఖాళీ చేసినట్టు ఏదైనా కాగితం, మెసేజ్ ఉందా?

చివరి_బెంచి
తాళం ఇచ్చేటప్పుడు "ఏసీ, శబ్దం వల్ల వెళ్లిపోతున్నాను" అని వాట్సాప్‌లో హోటల్ నంబర్‌కి పెట్టాను. రెండు టిక్కులూ నీలంగా ఉన్నాయి.

సూటిగా_చెప్తా
శభాష్. ఆ రెండు నీలం టిక్కులే మీ సాక్షులు.

తొలకరి
మా బ్యాచ్ కలయిక ఏర్పాట్లు నేనే చూశాను కాబట్టి ఇంకో వైపు చెప్తాను. ఇలాంటివి జరగడానికి సగం కారణం ఎవరికి వాళ్లం విడివిడిగా బుక్ చేసుకోవడం. విడిగా వెళ్తే మనం హోటల్‌కి ఒక్క గదిమి. ఇరవై గదులు కలిపి అడిగితే సేల్స్ మేనేజర్ స్వయంగా ఫోన్ ఎత్తుతాడు.

దీన్ని రూమ్ బ్లాక్ అంటారు. ఏర్పాట్లు చూసేవాళ్లు హోటల్‌తో మాట్లాడి కొన్ని గదులు పక్కన పెట్టిస్తారు. ఒప్పందంలో చూడాల్సినవి కొన్ని ఉంటాయి. కటాఫ్ తేదీ ఒకటి, ఆ తేదీలోగా పేర్లు ఇవ్వని గదులు హోటల్ బయటికి అమ్మేసుకుంటుంది. అట్రిషన్ ఇంకోటి, అంటే ఒప్పుకున్నదానికన్నా ఇన్ని శాతం తక్కువ గదులు వాడితే ఆ తేడా మనమే కట్టాలి. ఇది చూడకుండా సంతకం పెట్టిన వాళ్లు చేతి డబ్బు పోగొట్టుకున్నారు. నేనైతే ఇంకో రెండు ముక్కలు రాయించాను: మా గదులు హాలు మీద, హాలు పక్కన ఉండకూడదని, ఆ రాత్రి వేరే పార్టీ ఉంటే ముందే చెప్పాలని. వాళ్లు కిమ్మనలేదు, రాసిచ్చారు.

గడ్డిపోచ
మా వాళ్లలో ఆరు నెలల ముందు వస్తానని మాట ఇచ్చి వచ్చినవాడు ఒక్కడు లేడు. బ్లాక్ తీసుకుంటే ఆ అట్రిషన్ అంతా ఏర్పాట్లు చూసేవాడి నెత్తినే.

తొలకరి
అందుకే అడ్వాన్స్ కట్టినవాళ్ల పేరే లిస్టులో రాశాం. మొహమాటపడితే పని జరగదు. ముందు కొంతమంది అలిగారు, తర్వాత వాళ్లే మంచి పని చేశావన్నారు.

కిటికీపక్క_సీటు
అసలు ఇది ఎన్ని స్టార్ల హోటల్?

చివరి_బెంచి
సైట్‌లో నాలుగు అని ఉంది.

పాతనోట్‌బుక్
ఆ స్టార్లు ఎవరు ఇచ్చారో చూడాలి. ప్రపంచమంతటికీ ఒకే స్టార్ పద్ధతి లేదు. యూరప్‌లో కొన్ని దేశాల వాళ్లు కలిసి 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్ అని పెట్టుకున్నారు, వాళ్ల సభ్య దేశాల్లో కొలతలు ఒకటే. మిగతాచోట్ల కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఇస్తుంది, కొన్నిచోట్ల ప్రైవేటు సంస్థలు ఇస్తాయి, కొన్నిసార్లు హోటల్ వాళ్లు తామే రాసుకున్నవి సైట్‌లో కనిపిస్తాయి. పైగా స్టార్లు ఎక్కువగా లిఫ్ట్ ఉందా, 24 గంటల రిసెప్షన్ ఉందా లాంటివి చూస్తాయి. పొరుగు గోడ ఎంత దూరం, కింద డీజే ఉందా అనేవి అందులోకి రావు.

నేను రివ్యూలు చదివేటప్పుడు మొత్తం స్కోరు చూడను. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, 'శబ్దం', 'వాసన', 'వేడినీళ్లు' అనే మాటలు వెతుకుతాను. బుకింగ్ డాట్ కామ్ లాంటి చోట్ల ఆ సైట్‌లో బుక్ చేసినవాళ్లే రివ్యూ రాయగలరు, కాబట్టి కొంత నమ్మకం. గెస్టులు పెట్టిన ఫోటోలే నిజం చెప్తాయి.

సూట్‌కేస్_చక్రం
శనివారం రాత్రి బస చేసినవాళ్ల రివ్యూ, మంగళవారం బస చేసినవాళ్ల రివ్యూ ఒకటి కాదు. ఫంక్షన్ హాలు ఉన్న హోటల్ అయితే ఇది తప్పకుండా చూడాలి.

సూటిగా_చెప్తా
ఇంకోటి, చివర్లో అదనంగా తగిలించే ఫీజులు. గది ధర ఒకటి చూపించి, కౌంటర్ దగ్గర 'ఫెసిలిటీ ఫీజు' అంటారు. అమెరికాలో 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది. అన్ని దేశాల్లోనూ అలాంటిది రావాలి.

మాజీ_రిసెప్షన్
@చివరి_బెంచి గారూ, ఈమెయిల్ ఇలా రాయండి. కోపం చూపించకండి, తేదీలు, గంటలు చూపించండి.

"బుకింగ్ నంబర్ ఫలానా. శుక్రవారం రాత్రి ఇన్ని గంటలకు చెక్ఇన్ చేశాను. గది నంబర్ ఫలానా. ఏసీ నుంచి నీరు కారింది, బాత్రూమ్ తలుపు మూసుకోలేదు, కిటికీ మీ ఫోటోలో చూపినట్టు లేదు. కింద హాల్లో ఇన్ని గంటల వరకూ శబ్దం. ఆ రాత్రే రిసెప్షన్‌లో చెప్పాను, గది మార్చలేదు. శనివారం ఇన్ని గంటలకు ఖాళీ చేశాను, మెసేజ్ జతచేశాను. వాడని రెండో రాత్రి మొత్తం, మొదటి రాత్రిలో సగం వెనక్కి ఇవ్వండి. పది రోజుల్లో జవాబు రాకపోతే కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేస్తాను."

అంతే. చొక్కా మరక కూడా ఫోటోతో చేర్చండి. చిన్నదే, కానీ ఏసీ కారిందనడానికి అంతకన్నా రుజువు లేదు.

పాతనోట్‌బుక్
అవునూ, మీ బ్యాచ్‌లో అందర్నీ గుర్తుపట్టారా? 1975లో హారీ బారిక్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 392 మంది మీద పరీక్ష చేశారు, వాళ్ల హైస్కూల్ ఇయర్‌బుక్ ఫోటోలు చూపించి. స్కూలు వదిలి దాదాపు 35 ఏళ్లయినా క్లాస్‌మేట్ల ముఖాలు 90 శాతం దాకా గుర్తుపట్టారట. పేర్లు తమంతట తాము చెప్పమంటే మాత్రం అంత బాగా చెప్పలేకపోయారు.

చివరి_బెంచి
అచ్చం అలాగే జరిగింది. ముఖం తెలుస్తోంది, పేరు నాలుక చివర ఆగిపోయింది. ముందు బెంచీ అమ్మాయి ఒకామె నన్ను పేరుతో పిలిచింది, నాకు ఆమె రోల్ నంబర్ గుర్తొచ్చింది గానీ పేరు రాలేదు.

గడ్డిపోచ
రోల్ నంబర్‌తో పిలిచి ఉంటే ఆమె ఇంకా సంతోషించేది.

చివరి_బెంచి
అప్‌డేట్. మాజీ రిసెప్షన్ గారు రాసినట్టే ఈమెయిల్ సైట్‌కీ హోటల్‌కీ రెండిటికీ పంపాను. హోటల్ మేనేజర్ ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. ఆ రాత్రి గురించి తనకి ఎవరూ చెప్పలేదన్నారు. ఇంకోసారి వస్తే ఒక రాత్రి ఉచితం అన్నారు, వద్దన్నాను. ఆ గదిలో ఏసీ బాగుచేసేదాకా ఎవరికీ ఇవ్వనని రాసి పంపండి అన్నాను. పంపారు. ఈరోజు సైట్ నుంచి రెండో రాత్రి డబ్బు మొత్తం తిరిగి వేస్తున్నట్టు మెసేజ్ వచ్చింది. మొదటి రాత్రి గురించి ఒక్క మాట లేదు.

కార్డు_లెక్కలు
మంచి వార్త. మొదటి రాత్రి సగానికి ఛార్జ్‌బ్యాక్ వేస్తారా?

చివరి_బెంచి
వేస్తాను. మొత్తం పెద్దది కాదు గానీ ఆ రాత్రే కదా నా రోజుని తినేసింది.

సూటిగా_చెప్తా
రివ్యూ కూడా రాయండి. గది నంబర్, అంతస్తు, శుక్రవారం రాత్రి పార్టీ సంగతి ఉండాలి. 'చెత్త హోటల్, వెళ్లకండి' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

మాజీ_రిసెప్షన్
మేనేజర్ ఏసీ గురించి రాసి పంపారని కూడా అందులో చేర్చండి. మంచిగా స్పందించింది కూడా రాస్తే మిగతాది జనం నమ్ముతారు.

కొత్తచెప్పులు
ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. వచ్చే నెల మా బ్యాచ్ కలుస్తోంది, గది నిన్ననే సైట్‌లో తీసుకున్నా, హోటల్లో ఫంక్షన్ హాలు ఉంది. ఇప్పుడేం చేయాలి?

తొలకరి
ఉచిత రద్దు గడువు ఎప్పటిదాకా ఉందో ముందు చూడండి. తర్వాత హోటల్‌కే నేరుగా ఫోన్ చేసి, ఆ తేదీల్లో హాలు ఎవరికైనా ఇచ్చారా అని అడగండి. ఇచ్చి ఉంటే హాలుకి దూరంగా పై అంతస్తు కావాలని చెప్పి, ఒప్పుకున్నట్టు ఈమెయిల్ పెట్టమనండి. ఆలస్యంగా చేరేటట్టయితే ఆ సంగతి కూడా చెప్పండి.

మాజీ_రిసెప్షన్
చివరి మాట చాలా ముఖ్యం. రాత్రి రెండు, మూడు ప్రాంతంలో నైట్ ఆడిట్ చేసి ఆ రోజు లెక్కలు మూసేస్తారు. అప్పటికి మీరు రాకపోతే, చెప్పకపోతే, నో షో, అంటే గెస్ట్ రాలేదు, అని కొట్టేసి మిగిలిన రాత్రులు కూడా రద్దు చేసే ప్రమాదం ఉంది. చేరే టైమ్ చెప్పి, ఫోన్ ఎత్తినవాళ్ల పేరు అడిగి రాసుకోండి.

కొత్తచెప్పులు
రద్దు గడువు ఇంకో వారం ఉంది. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.